నేరం కార్బొరేటర్‌దేనా? పాత కార్ల మరమ్మతు వాదాలపై ఒక సమీక్ష

పొద్దున్నే స్టార్ట్ కాదు. సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తడబడి తర్వాత కదులుతుంది. మైలేజీ పడిపోయింది. పాత పెట్రోలు కారు గురించి వీటిలో ఏ ఫిర్యాదు పట్టుకెళ్లినా షెడ్డులో వినిపించే మొదటి మాట ఒకటే: "కార్బొరేటర్ విప్పి చూడాలండీ." ఈ మాటలో నిజమెంత అన్నది మెకానిక్‌లకూ, కంపెనీ మాన్యువళ్లకూ, పాత కార్లను అపురూపంగా చూసుకునే యజమానులకూ మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న తగువు. పెట్రోలులో ఇథనాల్ పాలు పెరిగాక అది మరింత చిక్కుపడింది. కొన్నాళ్ల కిందటి వరకు ఒప్పు అనుకున్న సలహా ఇవాళ సగమే ఒప్పు అయింది.

ఎవరు ఏమంటున్నారు, అందులో నిలబడేది ఎంత, తేలనిది ఏమిటి అన్నది చూద్దాం. ఉదాహరణలకు మన రోడ్ల మీద బాగా తిరిగిన మూడు కార్లు చాలు: అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బొరేటర్ కాలపు మారుతి 800.

పేరు ఒకటే, కుటుంబాలు రెండు

1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాఖ్, అదే ఏడాది బుడాపెస్ట్‌లో దోనాత్ బాంకి, యానోష్ చోంకా పెట్రోలును తుంపరగా గాలిలోకి చిమ్మే కార్బొరేటర్లకు రూపమిచ్చారు. సూత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. ఇరుకైన గొంతులో గాలి వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలును జెట్ గుండా లాగుతుంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 వంతుల గాలి కావాలి. ఐడ్లింగ్ నుంచి పూర్తి వేగం వరకు ఆ నిష్పత్తికి దగ్గరగా ఉండటం రంధ్రం మారని ఒక్క జెట్‌తో అయ్యే పని కాదు. ఈ ఇబ్బందికి రెండు రకాల పరిష్కారాలు వచ్చాయి.

ఫ్రాన్స్‌లో పుట్టిన సోలెక్స్ కుటుంబం ఒక్కో అవసరానికి ఒక్కో దారి పెట్టింది. ఐడ్లింగ్‌కు పైలట్ జెట్, నడకకు మెయిన్ జెట్, ఒక్కసారిగా తొక్కినప్పుడు యాక్సిలరేటర్ పంపు, చల్లని ఇంజనుకు చోక్. ఇంగ్లండుకు చెందిన ఎస్‌యూ కుటుంబం వేరే దారి పట్టింది. దానికి జెట్ ఒక్కటే. గాలి ప్రవాహాన్ని బట్టి ఒక పిస్టన్ లేస్తూ దిగుతూ ఉంటుంది. దానికి బిగించిన చివరకు సన్నబడే సూది జెట్ రంధ్రాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అంబాసిడర్లలో ఎస్‌యూ కనిపిస్తుంది, కొన్నింట్లో సోలెక్సూ ఉంటుంది. పద్మినిది సోలెక్స్. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో మికుని రకం వచ్చింది. అందులో గాలి గొంతులు రెండు. మామూలు నడకలో మొదటిదే పనిచేస్తుంది, రెండోది జోరు కావలసినప్పుడే తెరుచుకుంటుంది.

ఈ తేడా చెప్పుకోకపోవడం వల్లే సగం గొడవ. సోలెక్స్‌లో పికప్ తడబడితే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం చూడాలి. ఎస్‌యూలో ఆ పంపే లేదు. అక్కడ అదే తడబాటుకు తరచుగా కారణం పిస్టన్ పైని డాష్‌పాట్‌లో నూనె ఎండిపోవడం. పలుచని ఇంజను ఆయిల్ నాలుగు చుక్కలు పోస్తే తీరే జబ్బుకు కార్బొరేటర్ మొత్తం విప్పడం అనవసరపు శస్త్రచికిత్స.

మరొకటి. 2000 తర్వాత కొత్త కార్లు పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్‌ఐకి మారిపోయాయి. బైకులు మాత్రం 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా ఎక్కువగా కార్బొరేటర్‌తోనే నడిచాయి. అందువల్ల ఇవాళ కార్బొరేటర్ చేయి తిరిగినవాళ్లు కార్ల షెడ్డుల్లో కన్నా బైకుల షెడ్డుల్లో ఎక్కువ. జారే పిస్టన్, సూది ఉన్న బైకు కార్బొరేటర్ ఎస్‌యూకి దగ్గరి చుట్టం కాబట్టి అంబాసిడర్ ఎస్‌యూ వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. పద్మిని సోలెక్స్ దగ్గరే తికమక పడతారు.

"ముందు కరెంటు, తర్వాత పెట్రోలు"

మొదటి వాదం మాన్యువళ్లది, పాతతరం మేస్త్రీలది. కార్బొరేటర్‌ను ఆఖరున ముట్టుకోవాలని వీళ్ల పట్టు. ముందు ట్యాపెట్ల సందు, తర్వాత ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు, కండెన్సర్, ఆపైన టైమింగ్, మానిఫోల్డ్ దగ్గర సందుల్లోంచి దూరే దొంగగాలి. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే కార్బొరేటర్ వైపు చూడాలి.

ఇది వట్టి ఆచారం కాదు, వెనక లెక్క ఉంది. ఐడ్లింగ్ మిశ్రమం సర్దే స్క్రూకు అసలు కారణంతో పని లేదు, ఇంజను తీరు మాత్రమే మారుతుంది. టైమింగ్ వెనకబడిన ఇంజనుకు ఆ స్క్రూ తిప్పి ఐడ్లింగ్ నిలబెట్టవచ్చు. అప్పుడు ఒకటి కాదు, రెండు తప్పులు కారులో ఉంటాయి, ఒకదాన్ని ఒకటి దాచిపెడుతూ. తర్వాత ఎవరో టైమింగ్ సరిచేస్తే మిశ్రమం చెడుతుంది, నింద మళ్లీ కార్బొరేటర్ మీదే పడుతుంది.

ఈ వాదానికి బలమైన సాక్ష్యం ఎండలో ఆగిపోయే కారు. మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో వేడెక్కి ఆగింది, అరగంట చల్లారాక మళ్లీ కదిలింది అంటే అందరూ పెట్రోలు ఆవిరైపోయిందనే అంటారు. కానీ పాడైన కండెన్సరూ సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. ఇగ్నిషన్ కాయిలూ అంతే. వేడిలో చచ్చి చల్లదనంలో బతుకుతాయి. ఆగిన చోటే ఒక ప్లగ్గు వైరు చివర స్పార్క్ ఉందో లేదో చూడటమే దీనికి తీర్పు. ఇంటికి చేరి చల్లారిన తర్వాత చేసే పరీక్ష ఏమీ చెప్పదు.

అయితే ఈ వాదానికీ ఒక బలహీనత ఉంది. దాన్ని నమ్మినవాళ్లలో కొందరు కార్బొరేటర్ ఎప్పుడూ అమాయకమే అన్నంత దూరం పోతారు. ఎగ్జాస్ట్‌లో నల్ల పొగ, ఫ్లోట్ చాంబర్ గొట్టం నుంచి కారే పెట్రోలు, తడిసిన ప్లగ్గులు ఒకేసారి కనిపిస్తే పాయింట్లు సర్దుకుంటూ కూర్చోవడం కాలహరణం. అది నీడిల్ వాల్వు మూసుకోకపోవడమో, ఫ్లోట్‌కు చిల్లు పడటమో. వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు పడే ప్రమాదం కాబట్టి అప్పుడు బండి ఆపి ముందు దాన్నే చూడాలి.

"విప్పి కడిగేద్దాం"

రెండోది మన షెడ్డుల్లో చెలామణీ అయ్యే పద్ధతి. సర్వీసు అంటే కార్బొరేటర్ విప్పడం, పెట్రోలుతోనో స్ప్రేతోనో కడగడం, గాలి కొట్టడం, కిట్టు వేసి బిగించడం. దీన్ని తీసిపారేయడానికి లేదు. నెలల తరబడి నిలిపి ఉంచిన కారులో పెట్రోలు ఆవిరై చాంబర్‌లో జిగురు మిగులుతుంది. పైలట్ జెట్ రంధ్రం చాలా సన్నం కాబట్టి ముందు అదే మూసుకుపోతుంది. చోక్ లాగితే నడిచి, చోక్ వదిలితే ఆగిపోయే కారుకు మందు శుభ్రం చేయడమే.

చిక్కు పద్ధతిలో ఉంది. జెట్‌లో గుండుసూదో రాగితీగో దూర్చి తిప్పే అలవాటు చూడండి. సోలెక్స్ మెయిన్ జెట్ మీద 120 అని ఉంటే దాని రంధ్రం 1.20 మిల్లీమీటర్లు అని అర్థం. ఇత్తడి మెత్తన. ఆ రంధ్రం 1.25కి అరిగితే వైశాల్యం 8 శాతానికి పైగా పెరుగుతుంది. కంటికి తెలియదు, జేబుకు తెలుస్తుంది. డయాఫ్రం తీయకుండానే కంప్రెసర్ గాలి కొట్టడం ఇంకో అలవాటు. పోయినపుడు బాగున్న డయాఫ్రం తిరిగొచ్చేసరికి చిరిగిపోయి ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద మాట, కిట్టు అన్నిటినీ కొత్త చేయదు. గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వు, డయాఫ్రం అందులో ఉంటాయి. థ్రాటిల్ స్పిండిల్ తిరిగే రంధ్రాలు అరిగి ఉంటే మాత్రం అవి అరిగినట్టే ఉంటాయి. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది, ఐడ్లింగ్ ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు. దీనికి బుష్‌లు వేయించాలి, అది లేత్ పని. అలాగే నట్లు అతిగా బిగించినందువల్ల వంకరపోయిన అడుగు ఫ్లాంజ్. కొత్త గ్యాస్కెట్ పెట్టినా అక్కడ గాలి లాగుతూనే ఉంటుంది. మందమైన అద్దం మీద ఎమరీ కాగితం పరిచి రుద్దితేనే సమం అవుతుంది. మూడు కిట్లు వేసినా బాగుపడని కార్ల కథ విచారిస్తే ఎక్కువసార్లు ఈ రెండింటిలో ఒకటి దొరుకుతుంది. స్పిండిల్‌ను వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపి చూడటం ఎవరైనా చేయగల పని, చేసేవాళ్లే తక్కువ.

కొలిచి చెప్పేవాళ్లు

మూడో వర్గం చెవిని నమ్మదు. వాక్యూమ్ గేజ్‌నూ, ఎగ్జాస్ట్ పరీక్షనూ నమ్ముతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను సముద్రమట్టం దగ్గర ఐడ్లింగ్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాల వాక్యూమ్ చూపిస్తుంది, ముల్లు కదలకుండా. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. కాబట్టి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో 16 వచ్చినా కంగారు పడనక్కర్లేదు. అదే అంకె కాకినాడలో వస్తే వెతకవలసింది ఏదో ఉంది.

మన దగ్గర ఎక్కువమంది వాడుకోని కొలత మరొకటి ఉంది, అదీ చేతిలో ఉన్నదే: పొల్యూషన్ సర్టిఫికెట్. భారత్ స్టేజ్-2కు ముందు తయారైన పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. పాస్ అయిందా లేదా అని మాత్రమే అందరూ చూస్తారు. ఆ రెండు అంకెలను కలిపి చదివితే తగువు సగం తీరుతుంది. మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోలు పాలు ఎక్కువ: కార్బొరేటర్, చోక్, ఎయిర్ ఫిల్టర్ వైపు చూడాలి. మోనాక్సైడ్ తక్కువగానే ఉండి హైడ్రోకార్బన్లు పెరిగితే పెట్రోలు మండకుండా బయటికి పోతోంది: ప్లగ్గు, పాయింట్లు, వాల్వులు, లేదంటే దొంగగాలి. పరీక్ష నిజంగా పైపులో గొట్టం పెట్టి చేస్తేనే సుమా.

పరికరాలు లేనివాళ్లకూ కొన్ని మంచి పరీక్షలు ఉన్నాయి. ఎస్‌యూలో పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా కొంచెం తక్కువగా పైకి లేపాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, కాస్త పెరిగి మామూలైతే సరిగ్గా ఉంది. మారుతి 800 కార్బొరేటర్‌కు ఫ్లోట్ చాంబర్ మీద చిన్న గాజు కిటికీ ఉంటుంది, పెట్రోలు మట్టం గుర్తు దగ్గర ఉందో లేదో మూత విప్పకుండానే తెలుస్తుంది. ఇక ప్లగ్గు రంగు చూసి మిశ్రమం చెప్పే విద్య ఉంది. సీసం కలిసిన పెట్రోలు కాలంలో అది చక్కగా పనిచేసింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000లో. ఆ తర్వాత గోధుమ రంగు ఉంటే మిశ్రమం సరి అన్న లెక్క అంత నమ్మదగింది కాదు. నల్లటి మసి ఇప్పటికీ అబద్ధం చెప్పదు, తెల్లటి ప్లగ్గును మాత్రం అనుమానంతోనే చదవాలి.

మార్చేద్దాం

నాలుగో మాట తేలిక: పాతది తీసేసి కొత్తది బిగించడం, లేదా ఏకంగా ఇంజెక్షన్‌కు మార్చడం. కొత్త కార్బొరేటర్ అంటే బజారులో దొరికే నకలు అయితే, లోపలి జెట్ అంకెలు మీ ఇంజనుకు సరిపడేవని హామీ లేదు. అరిగిన అసలుకు బుష్‌లు వేయించడమే చాలాసార్లు మేలు. ఇంజెక్షన్ మార్పిడి పనిచేస్తుంది. కానీ దానికి పంపు, సెన్సర్లు, రిటర్న్ లైను, వైరింగు కావాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చే పనులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది కాబట్టి ముందు రవాణా శాఖను అడగాలి. జిల్లాల్లో అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించి ఈ చర్చనే ఎగ్గొట్టిన కాలమూ ఒకటి ఉంది. ఇప్పుడు ఆ దారి ఎవరికీ అక్కర్లేదు.

ఎండాకాలపు తగువు

వేడి ఇంజను సమస్యలన్నిటినీ వేపర్ లాక్ అనే ఒక్క పేరుతో పిలవడం వల్ల ఎంతో శ్రమ వృథా అవుతోంది. నిజానికి ఇవి రెండు, వాటి చికిత్సలు ఒకదానికొకటి ఎదురు. పంపులోనో పైపులోనో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టడం మొదటిది. ఇది బండి నడుస్తుండగా వస్తుంది, ఇంజను పెట్రోలు అందక ఆగుతుంది. అంబాసిడర్, పద్మినిలలో మెకానికల్ పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి తడిగుడ్డ చుట్టే చిట్కాకు అర్థం ఉంది. ఇంజను ఆపాక చాంబర్‌లోని పెట్రోలు మరిగి మానిఫోల్డ్‌లోకి పొంగడం రెండోది. ఇది ఆపిన పది, ఇరవై నిమిషాలకు వస్తుంది, ఇంజనుకు పెట్రోలు ఎక్కువై స్టార్ట్ కాదు. అప్పుడు యాక్సిలరేటర్‌ను పూర్తిగా అదిమిపట్టి, పదే పదే తొక్కకుండా సెల్ఫ్ కొట్టాలి.

యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బొరేటర్లలో ఏది ఏదో తేల్చడం సులువు. ఇంజను ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, థ్రాటిల్‌ను చేత్తో కదిలిస్తే లోపల పెట్రోలు చిమ్మాలి. చిమ్మితే చాంబర్‌లో పెట్రోలు ఉంది, పంపును నిందించవద్దు. చిమ్మకపోతే పెట్రోలు రావడం లేదు. ఇక కార్బొరేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య మందపాటి బేకలైట్ దిమ్మ వేడిని అడ్డుకోవడానికే ఉంది. అది పగిలితే బదులుగా పలుచని గ్యాస్కెట్ వేసి పంపించిన కార్లకు ప్రతి వేసవీ ఈ జబ్బు తప్పదు.

ఇథనాల్ తెచ్చిన కొత్త లెక్క

ఇప్పటిదాకా చెప్పిన వాదాలన్నిటికీ ఉమ్మడి నమ్మకం ఒకటి ఉంది: అన్నీ కంపెనీ చెప్పిన కొలతలకు తెస్తే కారు బాగుంటుంది. ఆ కొలతలు ఏ పెట్రోలుకు రాశారో ఆ పెట్రోలు ఇప్పుడు బంకుల్లో లేదు. ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో 5 శాతంతో మొదలైంది. 2022లో సగటు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం పెట్రోలు అమ్మకం ఆరంభమై, 2025 నాటికి అదే మామూలు పెట్రోలు అయింది.

ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, బరువులో మూడో వంతుకు పైగా. అందువల్ల 20 శాతం మిశ్రమానికి 14.7 బదులు దాదాపు 13.5 వంతుల గాలే కావాలి. ఇంజెక్షన్ కారులో ఆక్సిజన్ సెన్సర్ దీన్ని గమనించి సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పాత జెట్ పాత పాలే పోస్తుంది, ఇంజనుకు మిశ్రమం సుమారు 8 శాతం పలుచబడుతుంది. ఐడ్లింగ్ తడబాటు, తొక్కగానే ఆగినట్టు అనిపించడం, వేడెక్కడం అందువల్ల రావచ్చు. తమ కారుకు ఏ తేడా రాలేదనే యజమానుల మాటా అబద్ధం కానక్కర్లేదు. మొదటి నుంచీ పెట్రోలు కాస్త ఎక్కువగా పోసేలా సర్దిన కారైతే ఈ పలుచన దాన్ని సరైన నిష్పత్తి వైపే జరుపుతుంది. పొగ నిబంధనల కోసం ముందే పలుచగా సర్దిన కారు ఇబ్బంది పడుతుంది.

మైలేజీ విషయంలో అభిప్రాయ భేదం కన్నా మాటల భేదమే ఎక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి 10 శాతానికి సర్దిన నాలుగు చక్రాల వాహనాల్లో 20 శాతం పెట్రోలుతో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ తగ్గుదల స్వల్పమేనంది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చనీ ఒప్పుకుంది. ఆ మరుసటి నెలలోనే 20 శాతం పెట్రోలుపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. పాత పంపు డయాఫ్రం, పాత పెట్రోలు పైపు, కార్క్ గ్యాస్కెట్ ఉన్న కారుకు ఆ కిలోమీటర్ల లెక్క చాలా ఉదారమైనది. అవి ముందే మార్చుకోవడం మేలు. ఇథనాల్ పాత ట్యాంకులోని జిగురును కరిగించి జెట్ల దాకా తెస్తుంది కాబట్టి మొదటి కొన్ని ట్యాంకుల తర్వాత ఫిల్టర్ మార్చాలి.

తేలనివి

అసలు తేలవలసింది జెట్ సంగతి. లెక్క ప్రకారం 8 శాతం వైశాల్యం అంటే వ్యాసంలో 4 శాతం, 120 జెట్ బదులు 125. కానీ మెయిన్ జెట్ ఒక్కటి మారిస్తే ఐడ్లింగ్ పాతలాగే ఉంటుంది, పైలట్ జెట్ కూడా మార్చాలా అన్నది కారును బట్టి మారుతుంది. ఎస్‌యూలో జెట్ నట్టు దింపితే పెట్రోలు పెరుగుతుంది గానీ ఐడ్లింగ్‌లో ఎక్కువగా, వేగంలో తక్కువగా పెరుగుతుంది. అన్ని వేగాల్లో సమంగా కావాలంటే సూదినే మార్చాలి. గుండుసూదితో కెలికిన పాత జెట్ ఇవాళ పొరపాటున సరైన కొలతలో ఉండటమూ అసాధ్యం కాదు! అది ఎవరి ప్రతిభా కాదు.

కరెంటు ముందు చూడాలన్న మొదటి వర్గం క్రమం విషయంలో నెగ్గింది. ఎక్కడ ఆపాలన్న విషయంలో ఓడింది, ఎందుకంటే మాన్యువల్ కొలత ఇక గమ్యం కాదు. కడిగేవాళ్లు నిలిపి ఉంచిన కార్ల వరకు సరైనవాళ్లు, అరిగిన కార్ల దగ్గర కాదు. కొలిచేవాళ్ల వాదమే ఇప్పుడు బలంగా ఉంది. పెట్రోలు మారినా వాళ్ల పద్ధతి మారనక్కర్లేదు.

కాబట్టి పాత కారు యజమానికి ఒక మాట. జెట్ మార్చే ముందు పాత జెట్ మీది అంకె, అప్పటి పొల్యూషన్ కాగితంలోని రెండు అంకెలు ఒకచోట రాసి పెట్టుకోండి. తీసిన జెట్‌ను షెడ్డులో వదిలేయకుండా కారులోనే ఉంచుకోండి.